అమెరికా రెస్టారెంట్లో టిప్పు: లెక్క కట్టడం, స్లిప్పు నింపడం, ఆ డబ్బు చేరే దారి

మెనూ కార్డులో 16 డాలర్లని ఉన్న బిర్యానీకి అమెరికాలో 16 డాలర్లు సరిపోవు. డాలస్ చుట్టుపక్కల ఏ రెస్టారెంట్లోనైనా కూర్చుని తింటే 8.25 శాతం అమ్మకం పన్ను కలుస్తుంది, దానిపైన 18 నుంచి 20 శాతం టిప్పు. లేచి వచ్చేసరికి ఇరవై డాలర్లు దాటుతుంది. చదువుకోవడానికి కొత్తగా వచ్చిన పిల్లలు, పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన అమ్మానాన్నలు మొదట తడబడేది ఇక్కడే. బిల్లు చూసి తండ్రి "ఇంత దేనికమ్మా, వడ్డించినందుకేనా?" అని అడగడం, కూతురు "తర్వాత చెప్తాను నాన్నా" అని మాట దాటేయడం అక్కడి తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. ఆమె తర్వాత చెప్పాల్సిన సంగతులే ఇవి.

టిప్పును మెచ్చి ఇచ్చే బహుమానంగా చూసినంతకాలం ఈ లెక్క మింగుడుపడదు. వడ్డించే మనిషి జీతంలో పెద్ద భాగాన్ని యజమాని మెనూ ధరలో కలపకుండా వదిలేసి, దాన్ని చెల్లించే బాధ్యతను తినేవారికి అప్పగించాడు. ఈ పద్ధతి నాకు ఏమాత్రం నచ్చదు. అయితే నచ్చలేదని టిప్పు ఎగ్గొడితే యజమానికి పోయేది ఏమీ లేదు, దెబ్బ తగిలేది వడ్డించిన మనిషికి.

ముందుగా జీతం సంగతి

అమెరికాలో కనీస వేతనాన్ని నిర్ణయించేది 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్. దాని ప్రకారం దేశవ్యాప్త కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జూలై నుంచి ఇది మారలేదు. నెలకు 30 డాలర్లకు మించి టిప్పులు వచ్చే ఉద్యోగులకు మాత్రం యజమాని తన చేతి నుంచి గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు. ఈ అంకె 1991 నుంచి అలాగే ఉంది. మిగిలిన 5.12 డాలర్లు టిప్పుల రూపంలో వచ్చినట్టు లెక్క చూపుకోవచ్చు. దీన్ని టిప్ క్రెడిట్ అంటారు.

టిప్పులు రాకపోతే? ఆ లోటును యజమాని పూడ్చాలని చట్టం చెబుతుంది. కానీ లెక్క గంట గంటకూ కాదు, పనివారం మొత్తానికి కలిపి చూస్తారు. మంగళవారం మధ్యాహ్నం ఈగలు తోలుకుంటూ కూర్చున్నా, శనివారం రాత్రి వచ్చిన టిప్పులతో వారం సగటు 7.25కు చేరితే యజమాని అదనంగా ఇవ్వాల్సింది ఏమీ ఉండదు.

రాష్ట్రాన్ని బట్టి ఇది చాలా మారుతుంది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సస్, జార్జియా, నార్త్ కరోలినాల్లో 2.13 డాలర్లే నడుస్తోంది. న్యూయార్క్ నగరంలో 2025లో కనీస వేతనం 16.50 డాలర్లు. వడ్డించేవారికి యజమాని చేతి నుంచి అందులో 11 డాలర్లు రావాల్సి ఉండేది. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరెగన్, నెవాడా, మినెసోటా, మోంటానా, అలాస్కా రాష్ట్రాల్లో టిప్ క్రెడిట్ అనేదే లేదు. అక్కడ పూర్తి కనీస వేతనం ఇచ్చాకే టిప్పు. అయినా ఆ రాష్ట్రాల్లో టిప్పు ఆచారం తగ్గలేదు, కార్డు యంత్రం తెరమీద టిప్పు కోసం చూపించే శాతాలూ తగ్గలేదు. కాలిఫోర్నియాలో 15 శాతం దగ్గర ఆగినందుకు బాధపడాల్సిన పని లేదని నా అభిప్రాయం. డాలస్‌లో మాత్రం ఆ మాట అనను.

ఇదంతా ఎలా మొదలైందన్నది అంత మర్యాదైన కథ కాదు. అంతర్యుద్ధం తర్వాత యూరప్ చూసి వచ్చిన సంపన్నులు టిప్పు ఇచ్చే అలవాటును వెంట తెచ్చుకున్నారు. అదే కాలంలో బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివారిని అతితక్కువ జీతాలకు పనిలో పెట్టుకుని, మిగతాది టిప్పుల్లో రాబట్టుకోమన్న యజమానులకు ఈ అలవాటు చక్కగా కలిసివచ్చింది. 1867లో మొదలైన పుల్‌మన్ కంపెనీ రైలు పడక పెట్టెల్లో పనిచేసిన పోర్టర్ల బతుకు ఇలాగే సాగింది. ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో 1925లో సంఘం పెట్టుకుని, 1937లో కంపెనీతో ఒప్పందం సాధించుకునే వరకు వారికి జీతం విషయంలో గట్టి హామీ అంటూ లేదు. మధ్యలో అమెరికన్లు టిప్పును నిషేధించి కూడా చూశారు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం మొదలుపెట్టగా మరికొన్ని రాష్ట్రాలు అనుసరించాయి. 1926 నాటికి ఆ చట్టాలన్నీ రద్దయిపోయాయి. మన కాలంలో న్యూయార్క్ రెస్టారెంట్ల అధిపతి డానీ మేయర్ 2015లో టిప్పు తీసేసి మెనూ ధరలు పెంచే ప్రయోగం చేశారు. 2020లో ఆయనే దాన్ని విరమించారు.

కూర్చోకముందే గమనించాల్సినవి

మొదటి ప్రశ్న: మన దగ్గరికి వచ్చి ఆర్డరు తీసుకుని, తెచ్చి వడ్డించి, మంచినీళ్ళు నింపే మనిషి ఉన్నారా? ఉంటే పూర్తి టిప్పు వర్తిస్తుంది. కౌంటరు దగ్గర డబ్బు కట్టి, నంబరు పిలిస్తే మనమే వెళ్ళి తెచ్చుకునే చోటయితే టిప్పు మన ఇష్టం. అమెరికాలోని తెలుగు రెస్టారెంట్లలో చాలావాటిది ఈ రెండింటి మధ్య పద్ధతి. కౌంటరు దగ్గర డబ్బు ముందే కడతాం, ప్లేటు మాత్రం టేబుల్ దగ్గరికి వస్తుంది. తినకముందే టిప్పు అడిగే తెర ఎదురయ్యేది ఇక్కడే. ఇలాంటి చోట పది శాతం ఇస్తే ఎవరూ తప్పుపట్టరు.

రెండోది, మెనూ అడుగున ఉండే చిన్న అక్షరాలు. "ఆరుగురు లేదా అంతకుమించి వస్తే 18 శాతం కలుపుతాం" అన్న మాట చాలాచోట్ల ఉంటుంది. కొన్నిచోట్ల ఆ సంఖ్య ఎనిమిది, శాతం 20. మనవాళ్ళు రెస్టారెంటుకు వెళ్ళడమంటే రెండు మూడు కుటుంబాలు, పిల్లలు, అత్తమామలతో కలిపి పన్నెండు మంది కాబట్టి ఆ వాక్యం మన కోసమే రాసినట్టుంటుంది.

మూడోది, ఎవరి బిల్లు వారు కట్టుకునేటట్టయితే ఆర్డరు చెప్పకముందే ఆ మాట చెప్పాలి. తినడం అయ్యాక బిల్లును ఐదు ముక్కలు చేయమంటే, ఏ ఇడ్లీ ఎవరిదో తేల్చలేక ఆ సర్వర్ పడే అవస్థ చూడలేం.

బిల్లును పైనుంచి కిందికి చదవండి

మొదట పదార్థాల మొత్తం, దాని కింద పన్ను, ఆపైన ఏవైనా ఛార్జీలు, చివర కట్టాల్సిన మొత్తం. టిప్పు వరుస వీటన్నిటి కింద ఖాళీగా ఉంటుంది. కళ్ళు నేరుగా ఆ ఖాళీ మీదికి వెళ్ళకుండా మధ్యలోని ఛార్జీల దగ్గర ఆగండి. గ్రాట్యుటీ (అక్కడ టిప్పుకే ఇంకో పేరు) అని గాని సర్వీస్ ఛార్జి అని గాని 18 లేదా 20 శాతం అప్పటికే కలిసి ఉంటే, కింద మళ్ళీ రాయాల్సిన అవసరం లేదు. అలా కలిపాక కూడా టిప్పు వరుసను ఖాళీగానే అచ్చువేస్తారు. హడావుడిలో రెండుసార్లు ఇచ్చేవాళ్ళు తక్కువేమీ కాదు.

ఇంకో మెలిక ఉంది. మీరు మీ ఇష్టంతో రాసిన టిప్పు చట్టప్రకారం ఉద్యోగిది. రెస్టారెంటు తప్పనిసరిగా కలిపే సర్వీస్ ఛార్జి మాత్రం దేశవ్యాప్త చట్టం దృష్టిలో రెస్టారెంటు ఆదాయం. అందులోంచి సిబ్బందికి ఇస్తే అది జీతం కింద లెక్క, ఇవ్వకపోతే ఆ చట్టం ఇమ్మని చెప్పదు. "ఈ ఛార్జి మీకు చేరుతుందా?" అని సర్వర్‌ను మెల్లగా అడగడంలో తప్పు లేదు. చేరదంటే కొంత నగదు చేతిలో పెట్టవచ్చు. పెట్టకపోయినా, అదనపు ఛార్జి కలిపిన రెస్టారెంటుకు మిమ్మల్ని తప్పుపట్టే హక్కు లేదు.

నోటి లెక్క

శాతాన్ని పన్ను కలపకముందున్న మొత్తం మీద కట్టాలి. బిల్లు 64.80 అనుకుందాం. దశాంశ బిందువును ఒక స్థానం ఎడమకు జరిపితే 6.48, అది పది శాతం. రెట్టింపు చేస్తే 12.96, అది ఇరవై. ఇరవై శాతంలోంచి దానిలో పదో వంతు తీసేస్తే పద్దెనిమిది శాతం, అంటే దాదాపు 11.66. పది శాతానికి దానిలో సగం కలిపితే పదిహేను శాతం, 9.72. ఫోను తీయకుండానే పని అయిపోతుంది.

పన్నును రెట్టింపు చేసి ఇవ్వమనే చిట్కా అందరూ చెబుతారు. అది ఊరిని బట్టి పనిచేస్తుంది. న్యూయార్క్ నగరంలో పన్ను 8.875 శాతం, రెట్టిస్తే 17.75 వస్తుంది, బాగానే ఉంది. న్యూజెర్సీలో పన్ను 6.625 కాబట్టి రెట్టించినా 13.25 దగ్గరే ఆగిపోతుంది. ఆ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఈ చిట్కా వాడితే తక్కువ ఇచ్చినట్టే. ఆరెగన్‌లో అమ్మకం పన్నే లేదు.

కూపను వాడినా, సగం ధర ఆఫరు దొరికినా టిప్పు అసలు ధర మీదే కట్టడం మర్యాద. ధర సగమైనా వడ్డించిన పని సగం కాలేదు కదా. బిల్లు కింద వాళ్ళే అచ్చువేసి ఇచ్చే సూచనలు కొన్నిసార్లు పన్నుతో కలిపిన మొత్తం మీద లెక్కకట్టినవి. నూరు డాలర్ల భోజనానికి డాలస్‌లో ఆ తేడా డాలరున్నర పైనే. పెద్ద మొత్తమేమీ కాదుగాని, తెలిసి ఇవ్వడం వేరు.

పెద్దవాళ్ళకు ఒక మనవి. దీన్ని రూపాయల్లోకి మార్చకండి. 13 డాలర్ల టిప్పు వెయ్యి రూపాయలు దాటుతుంది. ఆ అంకె తలలోకి వచ్చాక తిన్నది ఒంటబట్టదు.

స్లిప్పు నింపడం

బిల్లు ఒక చిన్న అట్టలో పెట్టి టేబుల్ మీద ఉంచుతారు. సరిచూసుకుని కార్డును అందులో పెట్టండి. సర్వర్ కార్డు పట్టుకుని లోపలికి వెళ్ళిపోతారు. మన దగ్గర కార్డు కంటికి కనిపించకుండా పోతే కంగారు పడతాం గాని, అక్కడ అది మామూలు పద్ధతి. తిరిగి వచ్చేటప్పుడు రెండు స్లిప్పులు, ఒక పెన్ను ఉంటాయి. ఒకటి రెస్టారెంటుది, ఒకటి మనది. రెస్టారెంటు స్లిప్పు మీద మూడు పనులు చేయాలి: టిప్పు వరుసలో అంకె రాయాలి, దాన్ని పై మొత్తానికి కూడి చివరి వరుసలో రాయాలి, సంతకం పెట్టాలి. నింపింది అక్కడే వదిలి, రెండోది జేబులో పెట్టుకోవాలి. పొరపాటున నింపిన స్లిప్పును ఇంటికి తెచ్చుకుంటే సర్వర్‌కు టిప్పు పడదు.

టిప్పును నగదుగా ఇచ్చేటట్టయితే ఆ వరుసను ఖాళీగా వదలకుండా అడ్డగీత గీసి, చివరి వరుసలో అసలు మొత్తమే రాయండి. నోట్లను అట్టలోనే పెట్టండి. బిల్లు మొత్తం నగదుగా కడుతుంటే సర్వర్ "చిల్లర తేవాలా?" అని అడగవచ్చు. కావాలంటే కావాలనే చెప్పండి. మొహమాటపడి వద్దంటే మిగిలినదంతా టిప్పు కింద పోయినట్టే.

బ్యాంకు యాప్‌లో మొదట టిప్పు లేని మొత్తం కనిపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో టిప్పుతో కలిపిన మొత్తం దాని చోటికి వస్తుంది. ఎక్కువ కోశారని అప్పుడే ఫోను చేయకండి, దాచుకున్న స్లిప్పుతో పోల్చుకోండి.

చేతి యంత్రం తెచ్చి ముందు పెట్టే చోట 18, 20, 25 అని పెద్ద బొత్తాలు ఉంటాయి. సర్వర్ పక్కనే నిలబడి ఉండడం వల్ల వేలు దానంతట అదే మధ్య బొత్తాం మీదికి పోతుంది. మీకు కావలసిన అంకె వేసుకునేందుకు ఇంకో చిన్న బొత్తాం కింద ఉంటుంది. దాన్ని నొక్కడానికి సిగ్గుపడకండి.

మిగతా చోట్ల

బఫేలో పళ్ళేలు తీసేవారికి, నీళ్ళు పోసేవారికి కలిపి పది శాతం చాలు. పార్సిల్ కట్టించుకుంటే ఇవ్వకపోయినా తప్పు లేదు. పెద్ద ఆర్డరును ఓపికగా సర్ది ఇస్తే కొంత ఇవ్వండి. బార్‌లో గ్లాసుకు ఒకటి రెండు డాలర్లు. కాఫీ దుకాణంలో చిల్లర డబ్బా ఉంటే చిల్లర వేయండి, అంతే. ఇంటికి తెచ్చిచ్చే డ్రైవరు విషయంలో మాత్రం చెయ్యి బిగించకండి. బిల్లులోని డెలివరీ ఫీజు వేరు, డ్రైవరుకు ఇచ్చే టిప్పు వేరు. మంచులోనో జోరువానలోనో తెచ్చి ఇచ్చినప్పుడు శాతాల లెక్క పక్కన పెట్టాలి.

వడ్డన బాగాలేకపోతే

తప్పు ఎవరిదో ముందు తేల్చుకోండి. దోసె అరగంట ఆలస్యమైతే అది వంటింటి పని. మనం మూడుసార్లు పిలిచినా అటు తిరగకపోవడం సర్వర్ పని. రెండో సందర్భంలో 10, 12 శాతానికి తగ్గించుకోవచ్చు. అసలేమీ ఇవ్వకపోవడం, అవమానకరంగా ప్రవర్తించినప్పటికి అట్టిపెట్టుకోవాల్సిన ఆయుధం. అప్పుడు కూడా మేనేజర్‌ను పిలిచి కారణం చెప్పి వెళ్ళండి. లేకపోతే టిప్పు సంగతి తెలియని విదేశీయులని అనుకుంటారే తప్ప మీ కోపం వాళ్ళకు అర్థం కాదు.

ఇంకో కారణమూ ఉంది. చాలా రెస్టారెంట్లలో సర్వర్ తన టిప్పుల నుంచి బార్‌లో పనిచేసేవారికి, టేబుళ్ళు తుడిచేవారికి, ప్లేట్లు మోసేవారికి వాటా ఇవ్వాలి. కొన్నిచోట్ల ఆ వాటాను వచ్చిన టిప్పుల మీద కాకుండా అమ్మిన మొత్తం మీద లెక్కకడతారు. వాటా మూడు శాతం అనుకుంటే, నూరు డాలర్ల బిల్లుకు మీరు సున్నా రాసినా సర్వర్ మూడు డాలర్లు పక్కన పెట్టాల్సిందే. అంటే మీకు వడ్డించినందుకు, వేరే టేబుల్ వాళ్ళు ఇచ్చిన టిప్పులోంచి ఆ మూడు డాలర్లూ కట్టుకోవాలి.

రాసిన టిప్పు ఎవరికి చేరుతుంది

పైన చెప్పిన కనీస వేతన చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం యజమాని, మేనేజర్, సూపర్‌వైజర్ ఉద్యోగుల టిప్పుల్లో ఒక్క సెంటు కూడా ఉంచుకోకూడదు. యజమాని టిప్ క్రెడిట్ తీసుకుంటూ ఉంటే వాటాలు టిప్పు వచ్చే ఉద్యోగుల మధ్యే పంచాలి. అందరికీ పూర్తి కనీస వేతనం ఇస్తుంటే వంటవాళ్ళను, గిన్నెలు కడిగేవారిని కూడా చేర్చవచ్చు. కార్డు మీద వచ్చిన టిప్పుకు బ్యాంకు రుసుమును ఆ మేరకు తగ్గించి ఇవ్వడాన్ని దేశవ్యాప్త చట్టం ఒప్పుకుంటుంది, కాలిఫోర్నియా ఒప్పుకోదు. నగదు ఇస్తే సర్వర్లు సంతోషించడానికి ఇదొక కారణం, అదే రాత్రి చేతికి రావడం ఇంకో కారణం.

టిప్పు మీద పన్ను ఉంటుంది, నగదైనా సరే. నెలకు 20 డాలర్లు లేదా అంతకుమించి వస్తే, వచ్చే నెల పదో తేదీలోగా యజమానికి లెక్క చెప్పాలి. ఆ మొత్తం మీద కట్టాల్సిన పన్నులను గంటకు 2.13 జీతంలోంచే కోస్తారు కాబట్టి, టెక్సస్‌లో చాలామంది సర్వర్ల జీతం చెక్కులో మిగిలేది దాదాపు సున్నా. 2025 జూలై 4న సంతకమైన చట్టం 2025 నుంచి 2028 వరకు ఏడాదికి 25,000 డాలర్ల వరకు టిప్పులను ఆదాయపు పన్ను లెక్క నుంచి తీసివేసుకోనిస్తోంది. ఆదాయం లక్షన్నర డాలర్లు దాటినవారికి ఈ వెసులుబాటు తగ్గుతూ పోతుంది. సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా)లకు పోయే 7.65 శాతం మాత్రం తప్పదు. తప్పనిసరి సర్వీస్ ఛార్జిలోంచి వచ్చిన వాటాకు ఈ వెసులుబాటు లేదు.

వడ్డించే పనిలో మీరే ఉంటే

"జీతం ఉండదు, టిప్పులు మీవే" అని ఎవరైనా అంటే అది చట్టవిరుద్ధం. ఎన్ని టిప్పులు వచ్చినా 2.13 డాలర్లయినా జీతంగా ఇవ్వాలి, టిప్ క్రెడిట్ తీసుకుంటున్నామని ముందుగా చెప్పాలి. ప్లేటు పగిలిందనో, తిన్నవారు డబ్బు కట్టకుండా వెళ్ళిపోయారనో ఆ 2.13లోంచి కోయడానికి వీల్లేదు. వారానికి 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు లెక్కకట్టాల్సింది 2.13 మీద కాదు, 7.25 మీద. అలా వచ్చిన 10.88 నుంచి 5.12 తీస్తే గంటకు 5.76 డాలర్లు రావాలి. చాలామంది యజమానులు 3.20 ఇచ్చి సరిపెడతారు. మీ గంటలను, టిప్పులను రోజూ ఒక పుస్తకంలో రాసుకోండి. గొడవ వస్తే కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ డివిజన్ అడిగేది అదే. వీసా ఏదైనా, చేసిన పనికి కనీస వేతనం ఇవ్వాల్సిందే.

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారికి వేరుగా చెప్పాలి. తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. అనుమతి లేకుండా బయట రెస్టారెంట్లో చేస్తే, జీతం నగదుగా ఇచ్చినా, ఒట్టి టిప్పులే ఇచ్చినా వీసా హోదాకు ముప్పే. మనవాడని నమ్మి చేరిన చోట ఆ భయాన్నే అడ్డుపెట్టుకుని జీతం ఎగ్గొట్టే యజమానులూ ఉన్నారు.

హైదరాబాద్‌కు తిరిగి వచ్చాక

ఇరవై శాతం అలవాటును వెంట తెచ్చుకోనక్కర్లేదు. మన దేశంలో టిప్పులు వస్తాయని కనీస వేతనాన్ని తగ్గించే పద్ధతి లేదు. సోంపు గిన్నెతో పాటు వచ్చే పళ్ళెంలో చిల్లర వదిలినా, పెద్ద చోట పది శాతం ఇచ్చినా సరిపోతుంది. బిల్లులో కనిపించే 5 శాతం జీఎస్టీ ప్రభుత్వానికి పోతుంది, దాన్ని వడ్డించినవారి వాటా అనుకోకండి. సర్వీస్ ఛార్జిని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెక్కగా ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. కాబట్టి ఆ వరుస కనిపిస్తే తీసేయమని అడగండి, తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. టిప్పు ఇవ్వాలనిపిస్తే రెస్టారెంటు క్యూఆర్ కోడ్ మీద కాకుండా వడ్డించిన మనిషి చేతిలో నగదు పెట్టండి.